డప్పు రేకు డబ్బాలా మోగుతోందేం?

సంపాదకులకు,

బోనాలకూ బతుకమ్మకూ యూట్యూబ్‌లో వస్తున్న జానపద పాటలు చాలావాటిలో డప్పు రేకు డబ్బాలా మోగుతోంది. నింద మిక్సింగ్ మీద వేస్తారు గానీ, సగం తప్పు మంట దగ్గరే జరుగుతోంది. తోలు గాలిలో తేమ పీల్చుకుని వదులవుతుంది. సెగకు కాచి బిగించిన వెంటనే టేక్ తీయాలి. స్టూడియోలో మంట పెట్టలేం కదా, బయట కాస్తూ రెండు డప్పులు మార్చి మార్చి వాడాలి. మొదటి చరణంలో ఖంగున మోగింది చివరికి బొదబొదమంటే ఏ ఈక్వలైజరూ అతకలేదు.

ఎస్ఎం57 లాంటి డైనమిక్ మైకును అడుగు దూరంలో, సిర్ర (కుడిచేతి పొట్టి కర్ర) పడే చోటికి ఏటవాలుగా పెట్టాలి. వెనక రెండో మైకు పెడితే దాని పొలారిటీ (సిగ్నల్ ప్లస్, మైనస్) తిప్పాలి. దెబ్బ పడగానే తోలు ముందు మైకుకు దూరంగా, వెనక మైకుకు దగ్గరగా కదులుతుంది. తిప్పకుండా కలిపితే కింది మోత (బేస్) మాయం. రికార్డింగ్ మీటరులో పీకులు (మోత ఎగిసే గరిష్ఠ స్థాయిలు) మైనస్ 10 డీబీ దాటకూడదు.

కంప్రెసర్ (గట్టి మోతను అణిచే సాధనం) అటాక్, అంటే అణచడానికి పట్టే వ్యవధి, 1 మిల్లీసెకండు పెడితే సిటికెనపుల్ల (ఎడమచేతి సన్నపుల్ల) టకటక చచ్చిపోతుంది. 20 నుంచి 30 మిల్లీసెకండ్లు ఉంచి, 4:1 రేషియోతో (హద్దు దాటిన 4 డీబీని 1 డీబీకి తగ్గించేలా) మొదలుపెట్టాలి.

అన్నిటికన్నా చికాకు, ఒకే ట్రాకును కాపీ కొట్టి పది డప్పులనిపించాలని చూడటం. ఒక కాపీ కలిపితే మోత 6 డీబీ పెరుగుతుందంతే. కాస్త జరిపితే గొట్టంలోంచి వచ్చినట్టుంటుంది. వేర్వేరు డప్పులపై నాలుగుసార్లు వాయింపించి ఎడమకూ కుడికీ పంచండి. నాలుగింటికీ కూలీ ఇవ్వండి.

– ఒక సౌండ్ ఇంజినీర్, హైదరాబాద్