ఊరి ఫిడేలును ఊరి బడిలోనే నేర్పాలి

సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక జిల్లా పేజీల్లో పల్లె కళాకారుల గురించి వస్తున్న కథనాలను శ్రద్ధగా చదువుతున్నాను. పట్టణాల్లో వేదికలు కల్పించాలని, పింఛన్లు పెంచాలని వాటిలో సూచనలు తరచు కనిపిస్తున్నాయి. పింఛను ఇవ్వవలసిందే. అయితే ఒక ఊరి సంగీతం ఆ ఊళ్లో బతకాలంటే, దానిని వాయించగల పెద్దలకు జీతమిచ్చి ఆ ఊరి బడిలోనే పిల్లలకు నేర్పించడం అన్నిటికన్నా ముఖ్యమని, విజయవాడలో చాలాకాలం వయొలిన్ పాఠాలు చెప్పిన నేను నమ్ముతున్నాను. స్కాట్లండ్ పల్లెల్లో ఫిడేలు నిలదొక్కుకున్న తీరు ఈ నమ్మకానికి పెద్ద ఆధారం.

ఆ సంగీతం మనకు పూర్తిగా పరాయిది కాదు. బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఐరోపా విద్వాంసుని దగ్గర వయొలిన్ నేర్చుకుని దానిని కర్ణాటక సంగీతానికి అలవాటు చేశారు. ఆయన అన్నగారైన ముత్తుస్వామి దీక్షితుల నోట్టుస్వరాల్లో, అంటే పాశ్చాత్య బాణీలకు కట్టిన కృతుల్లో, స్కాట్లండ్ వేగపు నాట్య బాణీ అయిన రీల్‌పై కట్టినది కూడా ఉందని పరిశోధకులు గుర్తించారు. ఆ రీళ్లూ, స్పే నది లోయ పేరుతో పిలిచే స్ట్రాత్‌స్పేలూ కచేరీల కోసం కాక నాట్యం కోసం పుట్టాయి. ముందు పొట్టి స్వరం, వెంటనే పొడుగు స్వరం వచ్చేలా కమానును విదిలించే నడక స్ట్రాత్‌స్పేకు ప్రాణం. ఆ నడకను నొటేషన్ పూర్తిగా పట్టివ్వలేదు. గురువు కమాను కదలికను పక్కన కూర్చుని చూసినవారికే అది అబ్బుతుంది. పెర్త్‌షైర్‌లో నేతపని నేర్చిన నీల్ గౌ (1727–1807) అథోల్ ప్రభువుల ఆదరణ పొంది దేశమంతటా పేరు తెచ్చుకున్నా, ఇన్వర్ అనే తన పల్లెను విడిచి వెళ్లలేదు.

ప్రభువుల ఆదరణ పోయాక ఏమైందో తెలుసుకోవడానికి షెట్లండ్ దీవుల వైపు చూడాలి. స్కాట్లండ్‌కు ఉత్తరాన సముద్రం మధ్య, సుమారు 23,000 జనాభాతో ఉన్న ప్రాంతమది. అక్కడ పెళ్లి ఊరేగింపులో వధువుకు ముందు ఫిడేలు వాయించేవాడు నడిచేవాడు, మన పెళ్లిళ్లలో నాదస్వరం ముందు నడిచినట్లే. తిమింగలాల వేటకు గ్రీన్లండ్ సముద్రాలకు వెళ్లిన ఓడల్లో కూడా ఫిడేలు మోగేది. కాలం మారి, రేడియో పాటలు వచ్చి, ఆ బాణీలు తెలిసిన వృద్ధులు ఒక్కొక్కరే కనుమరుగవుతున్న సమయంలో టామ్ ఆండర్సన్ (1910–1991) అనే బీమా ఏజెంటు ఉద్యోగరీత్యా దీవులు తిరుగుతూ, వృద్ధుల ఇళ్లలో కూర్చుని వారి బాణీలను సేకరించారు. సేకరణతో ఆగిపోయి ఉంటే అవి గ్రంథాలయంలో మిగిలేవి. 1970ల ఆరంభంలో ఆయన షెట్లండ్ పాఠశాలల్లో ఫిడేలు నేర్పడం మొదలుపెట్టారు. ఊరి పిల్లలు ఊరి బాణీలనే బడిలో నేర్చుకున్నారు. ఆయన శిష్యుల్లో ఆలీ బెయిన్ ప్రపంచమంతటా కచేరీలు చేశారు. కత్రియోనా మెక్‌డొనాల్డ్ న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలయ్యారు. ఒక మనిషి పట్టుదలకు బడి తోడైతే ఎంత జరుగుతుందో ఇంతకన్నా ఏం చెప్పాలి!

స్కాట్లండ్ పడమటి తీరానికి ఆవలనున్న బారా దీవిలో 1981లో స్థానికులే తమ పిల్లలకు అక్కడి పాత భాష అయిన గేలిక్, సంగీతం నేర్పే శిబిరం ప్రారంభించారు. అటువంటివి ఇప్పుడు నలభైకి పైగా ఉన్నాయి. ప్లాక్టన్ అనే చిన్న ఊరి ప్రభుత్వోన్నత పాఠశాలలో 2000 సంవత్సరం నుంచి సంప్రదాయ సంగీతానికి ప్రత్యేక కేంద్రం నడుస్తున్నది. బడుల్లో వాద్యం నేర్చుకునే పిల్లల నుంచి రుసుము తీసుకోవడాన్ని స్కాట్లండ్ ప్రభుత్వం 2021లో రద్దు చేసింది.

పత్రికలు గమనించవలసిన ఉదాహరణ మరొకటి ఉంది. స్కాట్లండ్ నుంచి వలస వెళ్లినవారు కెనడాలోని కేప్ బ్రెటన్ దీవికి తమ ఫిడేలును తీసుకుపోయారు. అక్కడ ఈ వాద్యం అంతరించిపోతున్నదని 1970ల ఆరంభంలో ఒక టెలివిజన్ డాక్యుమెంటరీ హెచ్చరించగా, నొచ్చుకున్న జనం ఊరూరా వాయించేవారిని వెతికి కూడగట్టి, 1973లో గ్లెండేల్ అనే పల్లెలో వందమందికి పైగా ఫిడేలు వాద్యకారులను ఒకే వేదికపైకి తెచ్చారు. పిల్లలకు పాఠాలూ ఊపందుకున్నాయి.

మన దగ్గర పరిస్థితి ఏమిటి? ఫిడేలు నాయుడుగారిగా ప్రసిద్ధులైన ద్వారం వెంకటస్వామినాయుడుగారు పుట్టిన జాతి మనది. అన్నవరపు రామస్వామిగారు దశాబ్దాల పాటు ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో వాయించారు. నగరంలో ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. కానీ శ్రీరామనవమి పందిళ్లలో హరిదాసు పక్కన వయొలిన్ వాయించిన కళాకారుల విద్య, చిలకలూరిపేట పరిసరాల్లో తరతరాలుగా నాదస్వరం పట్టిన కుటుంబాల విద్య, కూచిపూడి నాట్యానికి వాయించే వారి విద్య ఆ ఊళ్ల జిల్లా పరిషత్ పాఠశాలల గుమ్మం తొక్కడం లేదు. బయట ఊరి నుంచి వచ్చి ఉచితంగా ఒక రోజు ప్రదర్శన ఇచ్చి వెళ్లే కళాకారుని వల్ల పిల్లలకు చప్పట్లు కొట్టే అవకాశం తప్ప విద్య రాదు.

కృష్ణా, గుంటూరు, పల్నాడు, బాపట్ల, ఎన్టీఆర్ జిల్లాల్లో కొన్ని పాఠశాలలనైనా ఎంచుకుని, వారానికి రెండు సాయంత్రాలు స్థానిక కళాకారులతో వాద్యం నేర్పించాలని, డిగ్రీ లేదన్న కారణంతో వారిని తిరస్కరించవద్దని, వారికి గౌరవవేతనం నెలనెలా అందేలా చూడాలని విద్యాశాఖను కోరుతున్నాను. సంగీత కళాశాల విద్యార్థులను వారికి సహాయకులుగా పంపితే ఆ విద్యార్థులకూ మేలు జరుగుతుంది. మీ పత్రిక కూడా ఏ ఊళ్లో ఏ వాద్యం తెలిసిన పెద్దలున్నారో, వారి దగ్గర నేర్చుకుంటున్నవారు ఎవరైనా ఉన్నారో లేదో మండలాల వారీగా సేకరించి ప్రచురించాలని మనవి.

భవదీయురాలు,
ఒక విశ్రాంత వయొలిన్ ఉపాధ్యాయురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ