పార్లమెంటు వ్యవసాయ స్థాయీ సంఘం అధ్యక్షులకు వరంగల్ నుంచి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

ఏటా ఏ అంశాలు పరిశీలించాలో మీ సంఘమే ఎంచుకుంటుంది. 31 మంది ఎంపీల ముందున్న ఆ జాబితాలో లేని సమస్య గురించి మత్స్యశాఖ అధికారులను గట్టిగా అడిగేవాళ్లుండరు. అందుకే ఈ విన్నపం: ఈసారి చెరువు చేపలను చేర్చండి.

దేశంలో చేపల ఉత్పత్తిలో ఎక్కువ భాగం మంచినీటిదే. సముద్రం లేని మాకు పాఖాల, రామప్ప, లక్నవరం లాంటి చెరువులే దిక్కు. ఉచిత చేపపిల్లల పంపిణీ మంచి పథకమే. కానీ వానలు వెనకబట్టాక వేలెడంత పిల్లలను వదిలితే అవెప్పుడు పెరగాలి? పట్టిన బొచ్చె, రవ్వలకు ఐసు దొరక్కపోతే పొద్దెక్కకముందే దళారి చెప్పిన రేటుకు ఇచ్చేయాల్సిందే. కడుపు మండేది అక్కడే.

అధికారుల మాటతోనే సరిపెట్టకండి. మత్స్య సహకార సంఘాల వాళ్లనూ, చేపలమ్మే ఆడవాళ్లనూ సాక్షులుగా పిలవండి. పర్యటన పెట్టుకుంటే పాఖాల కట్ట మీదికి తెల్లారేసరికి రండి.

ఇట్లు,
వరంగల్ వాసి