చిన్నోడి సంగతి

కడప

ఒరేయ్ సీనూ,

నీ మెసేజీలకు జవాబు ఇయ్యలేదని అలిగుంటావు. ఏమనుకోవద్దు. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా. ఇక్కడ అంతా మామూలే. అమ్మ మోకాళ్లు అట్లే, ఏడురోడ్ల కాడ ట్రాఫిక్ అట్లే.

మా అక్క కొడుకును బెంగళూరు మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్‌లో చేర్చి, మొన్ననే ఇంటికి తెచ్చుకున్నాం. ఇంటర్ రెండో సంవత్సరం, హాస్టల్. నిద్ర పోయింది, తిండి పోయింది. ఒకరోజు అక్కతో "నాకు బతకాలని లేదమ్మా" అన్నాడు. బావేమో కువైట్‌లో. ఇక్కడి డాక్టరు చూసి, ఇంట్లో పెట్టుకునే పరిస్థితి కాదు, పిల్లలకు వేరే వార్డు ఉన్నచోటికి తీసుకుపొమ్మన్నాడు. చుట్టాల్లో ఒకరు గాలి సోకిందన్నారు, ఒకరు పరువన్నారు. అక్క పెద్ద దర్గాకు పోయి మొక్కుకుని వచ్చింది. ఆ రాత్రే రాయచోటి మీదుగా బయల్దేరాం.

దారంతా వాడిది ఒకటే భయం. "మామా, కట్టేస్తారా? కరెంటు పెడతారా?" మన సినిమాలు నేర్పింది అదే కదరా! అక్కడ డాక్టరమ్మ మమ్మల్ని పక్కన కూర్చోమని, ముందు వాడితోనే మాట్లాడింది. వాడు ఆమెనూ అదే అడిగాడు. ఆమె నవ్వలేదు, విసుక్కోలేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఎవర్నీ గొలుసులతో కట్టకూడదు, 18 నిండని వాళ్లకు కరెంటు వైద్యం నిషేధం, తప్పనిసరైనా ఇంటివాళ్ల ఒప్పుదలతో పాటు ఆ చట్టం కింద పెట్టిన మానసిక ఆరోగ్య బోర్డు అనుమతి కావాలి, నీకు ఆ అవసరమే లేదు నాన్నా అని ఒక్కొక్కటే చెప్పింది. బిగబట్టుకున్న వాడి చేతులు అప్పుడు వదులయ్యాయి. రేయ్, ఆమెకు దండం పెట్టాలనిపించింది.

తర్వాత ఇంకో డాక్టరు విడిగా చూశాడు. మైనర్‌ను చేర్చుకోవాలంటే అట్లా ఇద్దరు చూడాలంట. అక్క సంతకం పెట్టింది. 72 గంటల్లో బోర్డుకు తెలపాలి అనేసరికి దాని మొహం పాలిపోయింది. "పోలీసు కేసా అన్నా?" అని అక్కడున్న నర్సును అడిగింది. కాదమ్మా, పిల్లోణ్ణి ఎవరూ ఊరికే లోపల పెట్టకుండా ఆ ఏర్పాటు, నెల దాటితే బోర్డే మళ్లీ చూస్తుంది అన్నాడాయన.

పెద్దవాళ్లతో కలపరు, ఇంటి మనిషి ఒకరు తోడుండాల్సిందే. నేనే ఉన్నా. బెల్టు, చార్జరు వైరు, పైజామా నాడా కూడా తీసుకున్నారు. పాపం ఒక చేత్తో పైజామా పట్టుకుని నడుస్తుంటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. వెంటనే బయటికి పోయి ఎలాస్టిక్ ప్యాంట్లు తెచ్చా. మాత్రలు పని చేయడానికి రెండు మూడు వారాలు పడుతుందని ముందే చెప్పారు గానీ, ఆ ఎదురుచూపు ఉంది చూడూ... సరేలే.

ఒక సాయంత్రం ఏమీ తోచక మన గువ్వలచెరువు పాలకోవా కథ చెప్పా. నీకు తెలుసుగా! నువ్వు మూడో పొట్లం విప్పే కాడికి వచ్చేసరికి పగలబడి నవ్వాడు. ఎన్నాళ్లకో విన్నా ఆ నవ్వు. ఆ తర్వాతే నోరు తెరిచి హాస్టల్ సంగతులు చెప్పాడు. తెల్లవారకముందు లేపడం, గోడ మీద ర్యాంకుల లిస్టు, ఏడిస్తే బాత్రూంలో ఏడవడం. ఆ కాలేజీ నుంచి అక్కకు వచ్చిన ఫోన్ ఒకటే, ఫీజు బాకీ ఎప్పుడు కడతారని. మండిందిరా నాకు.

ఇప్పుడు బంధువులకు టైఫాయిడ్ అని చెబుదామంటుంది అక్క. నేను ఒప్పుకోలేదు. వాడే వాడి ఫ్రెండుకు ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు, మనకెందుకు దాపరికం? ఇంటికొచ్చిన మొదటి వారాల్లోనే ఇంకా జాగ్రత్తగా కనిపెట్టుకోవాలన్నారు. మాత్రల డబ్బా నా దగ్గరే. మనసు బాగోలేనోళ్లకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్ నంబరు 14416 ఫ్రిజ్ మీద రాసి అంటించా, పగలూ రాత్రీ పలుకుతారు. నువ్వూ రాసి పెట్టుకో, మీ వీధిలో ఎవరికైనా పనికొస్తుంది.

నువ్వు ఫోన్ చేస్తే మాత్రం "ఎట్లుంది, తగ్గిందా" అని అడగొద్దు. క్రికెట్ మాట్లాడు, వాడికి నువ్వంటే ఇష్టం. మీ నాయన పెన్షన్ సంగతి రాస్తానన్నా కదా, దానికి... అక్క పిలుస్తోంది, మాత్రల టైమైంది. మిగతాది రేపు.

నీ
రమణ