జేజినాయన సంవత్సరీకం కాగితం గురించి

చిరంజీవి పాపకు,

నాయన దీవెనలు. జేజినాయన సంవత్సరీకానికి అచ్చు వేయిద్దామని నువ్వు రాసి పంపిన కాగితం చదివినాను. రాత బాగుంది. అయితే "దేశభక్తుడు, కష్టజీవి, ప్రకృతి ప్రేమికుడు" అనే మాటలు ఎవరి ఫోటో కింద పెట్టినా సరిపోతాయి. ఆ కాగితం చదివేది మన ఊరోళ్లు, సిద్ధవటం బద్వేలు దావలోని చుట్టాలు. వాళ్ల ఇండ్లలో సగానికి ఆయన చేసిన తలుపులే ఉన్నాయి. ఆయన పని ఎట్లుండేదో రాయి, పొగడ్తలు తగ్గించు. కావలసిన వివరాలు కింద రాస్తున్నా.

ముందు మిలిటరీ సంగతి. ఆయన చేరింది మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌లో. దాని కేంద్రం బెంగుళూరులో అలసూరు చెరువు పక్కన ఉంది. 1780లో మొదలైన దళం అది. మద్రాస్ సాపర్లన్నా, సైన్యంలో 'తంబీ'లన్నా వీళ్లే. "సైనికుడు" అని ఒక్క మాటతో సరిపెట్టొద్దు. దావ వేయడం, వంతెన కట్టడం, మందుపాతరలు తీయడం సాపర్ల పని. జేజినాయన ట్రేడు కార్పెంటరే గానీ చేతులు అరిగింది బెయిలీ వంతెనల మీద. బెయిలీ పలక ఉక్కుది, పదడుగుల పొడవు, ఐదడుగుల ఎత్తు, దగ్గర దగ్గర 260 కిలోలు. ఆరుగురు మోస్తారు. పలక కొసను ఇంకో పలక కొసలో దూర్చి, చిల్లులు ఎదురెదురుగా తెచ్చి ఉక్కు పిన్ను దిగ్గొడతారు. క్రేను అక్కరలేదు. వంతెనంతా ఈ గట్టు మీదే జోడించి రోలర్ల మీద అవతలికి తోస్తారు. తోసేటప్పుడు ముందు భాగం బోలుగా, తేలిగ్గా ఉండాల, వెనక బరువుండాల. ఆ లెక్క తప్పితే వంతెన ముక్కు వాగులోకి వాలిపోతుంది. రోలర్లు రెండు పక్కలా ఒకే మట్టంలో లేకపోతే వంతెన పక్కకు నడుస్తుంది. రసమట్టం జేబులో లేకుండా ఆయన బయటికి పోకపోవడం ఆ పనితో వచ్చిందే.

1971 పాకిస్తాన్ యుద్ధం గురించి రాసేకాడ జాగ్రత్త. ఆ డిసెంబరులో బసంతర్ నది దగ్గర మన ట్యాంకులు దాటడానికి మందుపాతరల మధ్య దావ చేసిన 9 ఇంజినీర్ రెజిమెంటు మద్రాస్ సాపర్లదే, నిజమే. జేజినాయన మాత్రం ఆ రెజిమెంటులో లేడు. నీ కాగితంలో "బసంతర్ వీరుడు" అని ఉంది, తీసెయ్. ఎవరో చేసిన పనిని ఆయన పద్దులో వేయకూడదు. యూనిట్ నంబరు, ర్యాంకు, చేరిన తేదీ, వచ్చేసిన తేదీ డిశ్చార్జి పుస్తకంలో ఉంటాయి. అందులో ఎట్లుంటే అట్లే ఎక్కించు, సొంతంగా ప్రమోషన్ ఇయ్యొద్దు.

ఇంగ కొయ్య పని. కాగితంలో ఎక్కువ చోటు దీనికియ్యి. ఆయన ఎక్కువగా వాడింది వేప. వేప కొయ్య మొండిది. పోగు, అంటే కొయ్యలోని నార, కొంత అటు, కొంత ఇటు తిరిగి ఉంటుంది కాబట్టి చిత్రిక పడితే ఒకచోట నున్నగా వచ్చి, జానెడు దాటేసరికి చీలికలు లేస్తాయి. అక్కడ బ్లేడు కాగితం మందం మాత్రమే బయటికి పెట్టి, చిత్రికను ఏటవాలుగా తోయాల. వాకిలికి లోపలి ఎర్రటి చేవ ఒక్కటే పనికొస్తుంది, బయటి తెల్లకొయ్యను పురుగు తినేస్తుంది. కోసిన పలకలను నీడన, మధ్యమధ్య బద్దలు పెట్టి గాలాడేట్టు పేర్చాల. పై వరస బద్దలు కింది వరస బద్దల నెత్తినే రావాల, లేకపోతే పలక వంగుతుంది. పలక కొసలకు మిగిలిపోయిన పెయింటు పూయాల, ఎందుకంటే తడి కొసల్లోంచి బిరాన పోతుంది, పగుళ్లు మొదలయ్యేదీ అక్కడే. అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టడం పాత లెక్క. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని పచ్చికొయ్యతో వాకిలి చేయమన్నవాళ్లను ఆయన వేరే వడ్రంగి దగ్గరికి పంపేవాడు.

ద్వారబంధానికి ఐదుకు మూడంగుళాల కొయ్య. కుసి అంటే ఒక కొయ్య కొసన చెక్కే నాలుక, బెజ్జం అంటే అది దూరే తొర్ర. కుసి మందం ఆ మూడంగుళాల్లో మూడో వంతు, అంటే ఒక అంగుళం. అంతకు మించితే బెజ్జం పక్కలు చీలుతాయి, తగ్గితే కుసి విరుగుతుంది. ఇనుప మేకు వాడడు, ఎండిన వెదురు మేకే. కుసిలో వేసే చిల్లును బెజ్జం చిల్లుకు సరిగ్గా ఎదురుగా కాకుండా రెండు మిల్లీమీటర్లు మొదలు వైపు జరిపి వేసేవాడు. మేకు దిగేకొద్దీ కుసిని లోపలికి లాక్కుంటుంది. వజ్రం (కొయ్యలు అతికించే బంక) లేకపోయినా ఆ అతుకు వదలదు. గోడకు తగిలే వైపు తారు పూయకుండా ద్వారబంధం నిలబెట్టనిచ్చేవాడు కాదు. నిలబెట్టినాక తూకంగుండు రెండు వైపుల నుంచీ వేలాడదీసి చూడాల, ఒక్క వైపు చూస్తే తలుపు దానంతట అది తెరుచుకుంటుంది.

ఊరోళ్లందరికీ పనికొచ్చేది ఇంకొకటుంది, తప్పకుండా వెయ్. మన కడపలో మే నెలలో ఎండ నలభై దాటుతుంది, నవంబరులో తుఫాను వానలు. వానలకు తలుపు ఉబ్బి పట్టేస్తుంది. అందరూ వెంటనే చిత్రిక పట్టించుకుంటారు, మే వచ్చేసరికి వేలు దూరేంత సందు పడుతుంది. ముందు పై మడతబందు స్క్రూలు వదులైనాయేమో చూడాల. వదులైతే తలుపు వాలి కింద రాసుకుంటుంది, కొయ్య ఉబ్బలేదన్నమాట. చిల్లులో వెదురు పుల్ల కొట్టి, స్క్రూ మళ్లీ బిగిస్తే సరి. బందు బాగుండి కూడా పడుతుంటే వాన కాలం పోనిచ్చి, తలుపు ఊడదీసి, పై కొసకూ కింది కొసకూ రెండు పూతలు పెయింటు వేయాల. కంటికి కనపడవని ఆ రెండు కొసలకూ ఎవరూ వేయరు. తడి తాగేది అక్కడే.

ఇంటి మనిషిగా ఆయన్ను చూపించాలంటే సంగటి కట్టె చాలు. జేజి నడుము వంచకుండా గెలికేట్టు ఆమె ఎత్తుకు కొలిచి చేసినాడు. చింతకొయ్య, పోగు నిలువునా పోయినది ఏరుకోవాల, పోగు పక్కకు తిరిగితే పేడు లేచి సంగట్లో పడుతుంది. పట్టుకునేకాడ గుండ్రం, కుండలో మునిగేకాడ కొంచెం చదును. పెయింటు, వార్నిషు ఏవీ లేవు, కొబ్బరినూనె రుద్దడమే. మీ ఉయ్యాల గురించి ఆల్రెడీ రాసినావు కాబట్టి అది సాలు.

"ప్రకృతి ప్రేమికుడు" కొట్టేసి ఈ సంగతులు రాయి. ఎర్రచందనం ముక్క ఆయన కొట్టంలోకి రానియ్యలేదు. పట్టా పొలంలో చెట్టయినా అటవీశాఖ అనుమతి లేకుండా కొట్టకూడదు, ఎంత కూలి ఇస్తామన్నా దానికి రంపం పెట్టలేదు. కలివి కోడి గురించి ఒక వాక్యం పెట్టు: 1900 తర్వాత ఎవరికీ కనపడక, లేదనుకున్న పిట్ట 1986 జనవరిలో మన లంకమల పక్కన రెడ్డిపల్లె దగ్గర దొరికింది. అది రాత్రి తిరిగే పిట్ట. దానికి దట్టమైన అడివి పనికిరాదు, ముండ్ల పొదలూ మధ్యలో బయలూ ఉండాల. వంటచెరుక్కని పొదలన్నీ నరికేస్తే దానికి చోటు లేదు. కొట్టంలో రాలిన పేళ్లూ చిత్రిక పొట్టూ ఇంటింటికీ ఊరికే ఇచ్చేవాడంటే కారణం అదే.

చెట్లు నాటే పద్ధతి: రాళ్ల నేలలో మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు గుంత ఎండాకాలంలోనే తీసి ఎండబెట్టాల. పైమన్ను ఒకపక్క, అడుగు మన్ను ఒకపక్క పోసి, పూడ్చేటప్పుడు పైమన్నూ పశువుల ఎరువూ వేరుకు తగిలేట్టు వేయాల. పక్కన కాల్చిన మట్టికుండ మెడ దాకా పూడ్చి, నీళ్లు నింపి మూత పెడితే తడి మెల్లగా దిగుతుంది. మెరుగు పూసిన కుండ అయితే నీళ్లు ఊరవు. వేపగింజను దాచుకుంటే మొలవదు, పండు రాలిన కొద్ది రోజుల్లోనే గుజ్జు కడిగి వేయాల. దొడ్డి వెనక వరస అంతా అట్లొచ్చిందే.

సామాన్ల సంగతి: బాడిస, ఉలులు, రెండు చిత్రికలు నీకని పక్కన పెట్టినా. వంటనూనె పూయొద్దు, బంకగా పట్టుకుంటుంది, కుట్టుమిషన్ నూనె వాడు. రంపం పళ్లు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచి ఉంటాయి, పదును పెట్టించేటప్పుడు అవి సమం చేయకుండా చూసుకో. సమం చేస్తే రంపం కొయ్యలో ఇరుక్కుంటుంది.

ఫోటోకు యూనిఫాందీ, కొట్టంలోదీ రెండూ పంపుతున్నా. నాకైతే కొట్టంలోదే నచ్చింది, జేజిని కూడా అడుగు. వచ్చేటప్పుడు సన్నరకం గరుకు కాగితం నాలుగు తీసుకురా, ఇక్కడి అంగట్లో ముతకదే దొరుకుతోంది.

నాయన