వరదలో పుల్లలెక్కడివి సార్?

సంపాదకుల వారికి,

మొన్నామధ్య మీ జిల్లా ఎడిషన్‌లో 'పొయ్యి వెలిగిస్తే ఫోన్ ఛార్జింగ్' అనే వార్త చూసినప్పటి నుంచీ రాద్దామనుకుంటున్నాను. తుపాన్లొచ్చి కరెంటు పోయినా ఇక బెంగ అక్కర్లేదట, పుల్లల మంటతోనే కరెంటు పుడుతుందట, అదీ ఉచితంగా! పక్కనే పొయ్యి పట్టుకుని నవ్వుతున్న ఒక అధికారి ఫొటో. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడలోని మా సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఆయన ఎక్కడున్నారో తెలియదు. గ్యాస్ బండలే నీళ్లలో తేలుతుంటే, మేడల మీదున్న మాకు ఎండు పుల్లలు ఎవరు తెచ్చిస్తారో కూడా ఆ వార్తలోనే రాయాల్సింది. ఆహార పొట్లాలతో పాటు డ్రోన్లలో కట్టెల మోపులు కూడా దింపుతారా?

వస్తువు బూటకమని నేననను. రెండు రకాల లోహాలు కలిపి ఒకవైపు వేడి, రెండోవైపు చల్లదనం ఉంచితే కరెంటు పుడుతుందని జర్మన్ శాస్త్రవేత్త సీబెక్ 1821లోనే చూపించాడు. కిరోసిన్ దీపం వేడితో రేడియో మోగించే పరికరాలు సోవియట్ వాళ్లు 1950లలోనే చేశారు. 1977లో వెళ్లిన వోయేజర్ నౌకలు ప్లుటోనియం వేడితో నడుస్తున్నదీ ఈ సూత్రం మీదే. కానీ పొయ్యికి బిగించిన పలక రెండోవైపు కూడా కాగిపోయిందంటే కరెంటు పడిపోతుంది. అందుకే దానికి ఫ్యానో, నీళ్ల గిన్నో ఉండాలి. ఈ ముక్క మీ వార్తలో లేదు. ఇలాంటి చిన్న పొయ్యి ఇచ్చేది మహా అయితే రెండు మూడు వాట్లు. ఇప్పటి 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్-అవర్లు, అంటే ఒక వాటు చొప్పున 19 గంటలు ఎక్కించేంత కరెంటు. నష్టాలు కూడా కలుపుకుంటే ఒక్క ఫోన్ నిండటానికి తక్కువలో తక్కువ ఏడెనిమిది గంటలు మంట ఆరకుండా చూడాలి. ఎవరు చూస్తారు? ఫొటోలో ఉన్న సారైతే కాదు, ఆ ఇంటి ఆడమనిషే. పొగ బాధ తప్పిస్తామని 2016లో ఉజ్వల పథకం తెచ్చి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. ఇప్పుడు ఫోన్ కోసం మళ్లీ పుల్లలు ఎగదోయమంటున్నారు. ఇది ఉచితమెలా అయింది?

మన్యంలో అయితే వేరు. అక్కడ ముసురు పడితే రోజుల తరబడి ఎండ మొహం కనపడదు, సోలార్ పలక సరిగా పనిచెయ్యదు. అన్నం కోసం పొయ్యి ఎలాగూ వెలుగుతుంది. ఆ మంట మీదే ఒక చిన్న ఎల్ఈడీ దీపం వెలిగినా, మామూలు బటన్ ఫోన్‌కు కాస్త ఛార్జింగ్ ఎక్కినా మేలే. అక్కడ పంచితే నేను చప్పట్లు కొడతాను. కాకపోతే మనవాళ్ల పంపకాలు తెలిసినవే కదా. రిబ్బన్ కత్తిరించేదాకా ఉన్న హుషారు బాగుచేసే దగ్గర ఉండదు. సోలార్ వీధిదీపాల బ్యాటరీలు పోతే పట్టించుకునే నాథుడు లేక ఉత్త స్తంభాలే మిగిలిన ఊళ్లు ఎన్ని లేవు? రేపు ఈ పొయ్యికి ఫ్యాన్ తిరగకపోతే గూడెం మనిషి ఎవరి దగ్గరికి వెళ్లాలి?

అసలు ఫోన్ నిండినంత మాత్రాన సరిపోతుందా? టవర్ బతికి ఉండాలిగా! 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ వాళ్లను అడగండి, ఫోన్ చేతిలో ఉండీ సిగ్నల్ లేక ఎంత టెన్షన్ పడ్డారో చెబుతారు. తుపాను హెచ్చరిక రాగానే టవర్ల దగ్గర డీజిల్ నింపించడం, పునరావాస కేంద్రాల్లో జనరేటర్ పెట్టి వరసగా ప్లగ్ బోర్డులు బిగించడం, పడవల్లో పాల ప్యాకెట్లతో పాటు నాలుగు పవర్ బ్యాంకులు పంపడం పెద్ద విజ్ఞానమేమీ కాదు. వాటికి ఫొటో బాగా రాదేమో మరి.

మీరైనా ఒక దిద్దుబాటు వెయ్యండి. ఆ వార్త నమ్మి ఎవరైనా వానకు తలుపులు బిగించుకుని గదిలో పొయ్యి వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్‌తో (వాసన తెలియని విషవాయువు) నిద్రలోనే ప్రాణాలు పోవచ్చు. అంత పెద్ద వార్తలో ఆ హెచ్చరికకు ఒక్క లైను చోటు దొరకలేదా?

– ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ