పిల్లల చేతికే జిగురు, రంగులు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

ప్రాథమిక పాఠశాలల్లో 31 ఏళ్లు పనిచేసి పదవీ విరమణ పొందిన నేను, తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటి మిద్దెపైన ఆదివారాల్లో మా వీధిలోని పిల్లలను కూర్చోబెట్టి జిగురుతో, రంగులతో బొమ్మలు వేయిస్తున్నాను. ఆ పనిలో పిల్లలు పొందే ఆనందం ఒకవైపు, మన బడుల్లో ‘ప్రాజెక్టు’ పేరుతో జరుగుతున్న తంతు మరొకవైపు చూసి, మనసు ఊరుకోక ఈ లేఖ రాస్తున్నాను.

కొన్నాళ్ల కిందట రాత్రి పదకొండు గంటలకు మా పక్కింటి అమ్మాయి తలుపు తట్టి కత్తెర అడిగింది. ఆమె కొడుకు ఒక ప్రైవేటు బడిలో యూకేజీ చదువుతున్నాడు. తమ దగ్గరే కొనాలని చెప్పి ఆ బడివాళ్లు 650 రూపాయలకు అమ్మిన కిట్టులో ముందే అచ్చువేసిన నెమలి, చమ్కీల పొట్లం, జిగురు సీసా ఉన్నాయి. తెల్లవారేసరికి నెమలి తయారు కావాలి, దానికి మార్కులు కూడా ఉన్నాయి. బిడ్డ అప్పటికే నిద్రపోయాడు. తల్లే కూర్చుని చమ్కీలు అంటించింది. పదికి పది మార్కులు వచ్చాయి. ఆ ఆదివారం ఆ పిల్లవాడు మా మిద్దెమీదికి వచ్చి, జిగురు సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, ‘అవ్వా, దీన్ని ఎట్లా నొక్కాల?’ అని అడిగాడు. నాకు చాలా బాధ కలిగింది.

నిజానికి ఆ సీసాను నొక్కడంలోనే చదువుంది. ఎక్కువగా నొక్కితే జిగురు మడుగు కడుతుంది, తక్కువగా నొక్కితే గీత తెగిపోతుంది. రెండింటికీ మధ్య సరైన ఒత్తిడిని చేయి తనంతట తాను కనిపెట్టాలి. రేపు పెన్సిలు పట్టి ‘అ’ దిద్దవలసిన వేళ్లకు ఇంతకన్నా మంచి సాధన నాకు తెలియదు. పద్ధతి చాలా తేలిక. దళసరి కాగితంపైన తెల్ల జిగురుతో బొమ్మ గీయించి, కాగితాన్ని కదలకుండా చదునైన చోట రాత్రంతా ఆరబెట్టాలి. జిగురులోని నీరు ఆవిరయ్యేకొద్దీ తెలుపు పోయి, గాజులాంటి గీత కాగితంపైన ఉబ్బెత్తుగా నిలుస్తుంది. మరునాడు ఆ గీతల నడుమ నీటి రంగులు నింపితే రంగు గీత దాటి పోదు.

చంద్రగిరి దగ్గరి పల్లె నుంచి సెలవులకు వచ్చిన ఆరేళ్ల పాప ఒకతె మొదటి ఆదివారం చేపను గీసింది. రెండవ రోజు పొద్దున్నే వచ్చి, ఆరిన గీత వెంబడి చూపుడువేలును తోక దాకా నెమ్మదిగా నడిపించింది. ఆ తరువాత కుంచె నిండా నీలం ముంచి చేప పొట్టలో వదిలింది. రంగునీళ్లు గీత దాకా పారి, అక్కడ నిలిచి, అంచున కొంచెం ఉబ్బి ఆగిపోయాయి. ‘అవ్వా, ఇది మా మడికి గెనిమ మాదిరి ఉండాదే!’ అని అరిచింది. మడి గట్టును మా వైపు గెనిమ అంటారు. నీళ్లు ఎందుకు ఆగాయో నేను వివరించే అవసరం లేకపోయింది; వాళ్ల నాయనతో కలిసి పొలం గట్టున నడిచిన పాప ఆ సంగతిని తానే పట్టుకుంది. అప్పటి నుంచి మా మిద్దెమీది పిల్లలందరికీ జిగురు గీత గెనిమే అయింది. గీత తెగిన చోట రంగు బయటికి పారితే ‘గెనిమ తెగింది’ అంటారు, మళ్లీ జిగురు వేసి పూడుస్తారు.

రంగు ఎక్కడ పారాలో ఎక్కడ ఆగాలో చెప్పగలగడం మన జిల్లాకు కొత్త విద్య కాదు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు గుడ్డను కరక్కాయ రసంలోనూ పాలలోనూ నానబెట్టి ఆరవేస్తారు. పాలలోని కొవ్వు వల్లనే కలం నుంచి దిగిన రంగు గుడ్డపైన చెదిరిపోకుండా నిలుస్తుంది. ఆ కలం కూడా వెదురు పుల్లకు గుడ్డ చుట్టి దారంతో కట్టినదే, చేత్తో నొక్కితేనే రంగు దిగుతుంది. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి నలుపు తీస్తారు. ఈ కళకు జీవితమంతా ధారపోసిన జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. తిరుపతి నుంచి నలభై కిలోమీటర్లయినా లేని ఊళ్లో ఇంతటి విద్య ఉండగా, మన పిల్లలకు అచ్చువేసిన నెమలిని కొనిపెట్టి చమ్కీలు అంటించమనడం నాకు మింగుడుపడటం లేదు.

ఖర్చు అవుతుందని అనేవారికి నా అనుభవం చెబుతాను. ఉబ్బెత్తు గీతలకు మాత్రమే తెల్ల జిగురు కావాలి, తక్కిన పనులన్నింటికీ మైదా జిగురు చాలు. ఒక గిన్నెడు మైదాను అంతే చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న మూడు గిన్నెల నీళ్లలో పోస్తూ సన్నని సెగమీద కలియబెడితే, పిండి రేణువులు నీళ్లు పీల్చుకొని ఉబ్బి, మూడు నాలుగు నిమిషాల్లో జిగురు నిగనిగలాడుతూ చిక్కబడుతుంది. పొయ్యి దగ్గరి పని పెద్దవాళ్లే చేయాలి. చల్లారిన జిగురులో రంగు కలిపి కాగితమంతా పూసి, పళ్లు ఊడిన పాత దువ్వెనతోనో వేళ్లతోనో గీస్తే అలలు, పంట చాళ్లు, మేఘాలు వస్తాయి. రంగు కూడా కొననక్కరలేదు. పసుపు కలిపిన జిగురులో చిటికెడు వంటసోడా వేస్తే, ఆ క్షారానికి పసుపు క్షణంలో ఎర్రబడుతుంది. ఆ ఎరుపును చూసి ఆశ్చర్యపోని పిల్లను నేనింతవరకు చూడలేదు.

ఉప్పు బొమ్మ సంగతి కూడా చెప్పాలి. జిగురు గీత తడిగా ఉండగానే మెత్తటి ఉప్పు చల్లి, ఎక్కువైనది దులిపి, నీళ్లలో పలుచగా కలిపిన రంగును కుంచె కొసతో ఒక్కచోట తాకిస్తే చాలు, ఉప్పు ఆ నీటిని పీల్చుకోవడంతో రంగు గీత వెంబడి దానంతట అదే పాకుతుంది. ఒక కొస నుంచి నీలం, మరో కొస నుంచి పసుపు పాకి వచ్చి కలిసే చోట ఆకుపచ్చ పుడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టే మన ఊళ్లో మాత్రం ఉప్పు చెమ్మగిల్లి బొమ్మ కారిపోతుంది, దీన్ని ఎండాకాలానికి ఉంచుకోవాలి.

జాగ్రత్తల విషయంలో తల్లిదండ్రులను గట్టిగా కోరుతున్నాను. పురుగు పట్టకుండా కొందరు అతుకు పనుల జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలు ముట్టే జిగురులో ఉండకూడదు. మన మైదా జిగురును రెండు రోజుల్లో వాడి మిగిలినది పారవేస్తే సరిపోతుంది. క్షణంలో అతుక్కునే జిగురు వేళ్లను, కనురెప్పలను కూడా అతికిస్తుంది కనుక దాన్ని పిల్లల కంటికే కనిపించనీయకూడదు. ఇంటి గోడలకు, తలుపులకు వేసే రంగులలో సీసం 90 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమలులో ఉంది కానీ, అంతకు ముందు కొని అటకమీద దాచిన డబ్బాల్లో ఎంత సీసముందో ఎవరూ చెప్పలేరు. ఆ డబ్బాలను బొమ్మల పనికి దించవద్దు.

మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటపాటలు, బొమ్మలు, చేతిపనుల ద్వారానే నేర్పాలని 2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్య ప్రణాళికా చట్రం చెబుతోంది. కనుక బడుల యాజమాన్యాలకు నా విన్నపం ఇది. కిట్ల అమ్మకం మానండి. బొమ్మల పనిని ఇంటికి పంపకుండా వారానికి ఒక గంట తరగతిలోనే, పాత వార్తాపత్రికలు నేలపై పరిచి, పిల్లల చేతనే చేయించండి. దానికి మార్కులు వేయకండి. గోడకు అంటించేటప్పుడు బాగున్న నాలుగింటిని ఏరకుండా అందరివీ అంటించండి. చేతులకు, బట్టలకు జిగురు, రంగు అంటుతాయని భయపడే తల్లులు ఆ రోజుకు ఒక పాత చొక్కా పంపితే సరిపోతుంది.

మా పక్కింటి బాబు మొన్న తన చేత్తో నెమలిని గీశాడు. దానికి నాలుగు కాళ్లున్నాయి, మెడ దగ్గర గెనిమ తెగి నీలం ఆకాశంలోకి పారింది. వాళ్లమ్మ దాన్ని వంటింటి తలుపుకు అంటించింది.

మీ పత్రిక పిల్లల పేజీలో పూర్తయిన రంగు బొమ్మలతో పాటు, పిల్లలు జిగురుతో గీసుకొని రంగులు నింపుకోవడానికి వీలుగా ఒట్టి గీతల బొమ్మ ఒకటి వారం వారం వేయవలసిందిగా కోరుతున్నాను. మైదా జిగురు కాచడం, ఉబ్బెత్తు గీతలు వేయించడం నేర్చుకోదలచిన అంగన్‌వాడీ కార్యకర్తలకు, టీచర్లకు మా మిద్దెపైన ఏ ఆదివారమైనా ఉచితంగా చూపించడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
బైరాగిపట్టెడ, తిరుపతి.