నా ట్రైనర్ విమానాన్ని ఎగరేయించిన వాళ్లందరికీ

నిన్న పొద్దున మా ఊరి చెరువులో (ఎండాకాలం కదా, నీళ్లు లేవు) నా ట్రైనర్ విమానాన్ని (రిమోట్‌తో ఎగరేసే చిన్న విమానం, నేర్చుకునేవాళ్ల కోసం చేసింది) ఎవరి సాయం లేకుండా పైకి లేపి, కాసేపు తిప్పి, చక్రాల మీదే దించాను. ఎవరి సాయం లేకుండా అనేది పేరుకే. దీని వెనక ఉన్నవాళ్లకు నలుగురిలో థాంక్స్ చెప్పుకోవాలని ఈ పోస్టు. పేర్లు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు.

ముందుగా మాస్టారికి. ఐటీఐలో చేసి రిటైరయ్యారు. ఖమ్మం చుట్టుపక్కల ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) విమానాలంటే నాకు తెలిసి ఆయనే. ఏ విమానం కొనాలో చెప్పిందీ ఆయనే: రెక్క పైన ఉండే ఫోమ్ ట్రైనర్, నాలుగు ఛానెళ్లు (అంటే రిమోట్‌తో విడివిడిగా నడిపే నాలుగు కంట్రోళ్లు). దాని రెక్కల చివర్లు కొంచెం పైకి లేచి ఉంటాయి. ఒకవైపు ఒరిగితే విమానం ఆ వైపుకే జారుతుంది, అప్పుడు కిందికున్న రెక్కకు లిఫ్ట్ (పైకి లేపే బలం) ఎక్కువై మళ్లీ తనే సర్దుకుంటుంది. “కంగారు పుడితే స్టిక్కులు వదిలెయ్, అది నీకంటే బాగా ఎగురుతుంది” అనేవారు. నిజమే.

మొదటి రోజు అసలు ఎగరనివ్వలేదు. రెక్క కింద రెండు చూపుడువేళ్లు పెట్టి విమానాన్ని లేపి, ముక్కు కొద్దిగా కిందికి వాలేదాకా బ్యాటరీని ముందుకు జరుపుతూ కూర్చున్నారు. తర్వాత రిమోట్ పట్టుకుని నన్ను దూరంగా నడిపించి రేంజ్ (సిగ్నల్ ఎంత దూరం అందుతుందో) చూశారు. స్టిక్ కుడికి తోస్తే కుడి రెక్క మీది ఐలెరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) పైకి లేస్తుందో లేదో నాచేత చెప్పించారు. చెరువు గ్రీన్ జోన్‌లో (ఎగరేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు) ఉందని ప్రభుత్వం వారి డిజిటల్ స్కై మ్యాప్‌లో ముందే చూసి పెట్టుకున్నారు. 400 అడుగులు దాటొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పారు. నాకేమో ఎప్పుడు ఎగరేద్దామా అని ఒకటే ఆత్రం.

అసలు చదువు కేబుల్‌తో. ఆయన రిమోట్‌కీ నా రిమోట్‌కీ మధ్య ఒక తీగ. ఆయన స్విచ్ నొక్కి పట్టుకున్నంతసేపే విమానం నా చేతిలో ఉంటుంది, వదిలితే ఆయన చేతికి వెళ్లిపోతుంది. విమానం మన నుంచి దూరంగా పోతున్నంతసేపు ఇబ్బంది లేదు. మన వైపు తిరిగిందా, కుడి ఎడమలు తారుమారు. ఎటు రెక్క కిందికి వాలితే స్టిక్ అటే తొయ్యమని ఆయన చెప్పిన ఒక్క ముక్కతో నాకు దారి దొరికింది. నేను తడబడ్డ ప్రతిసారీ టక్కున స్విచ్ వదిలేవారు, విమానం మళ్లీ తిన్నగా ఎగిరేది. తిట్టేవారు కాదు, ఏమైందని అడిగేవారు కూడా కాదు. కాస్త ఎత్తుకు తీసుకెళ్లి “ఊఁ, తీసుకో” అనేవారు. అంత ఓపిక నేను మా పిల్లల హోంవర్కు దగ్గర కూడా చూపించలేదు.

ల్యాండింగ్‌కి మాత్రం చాలా టైమ్ పట్టింది. గాలికి ఎదురుగా రావాలి, థ్రాటిల్ (మోటారు వేగం) తగ్గిస్తూ దిగాలి. నేల దగ్గరపడుతుంటే చెయ్యి దానంతటదే ఎలివేటర్ (ముక్కును పైకి లేపే తోక పలక) స్టిక్ లాగేస్తుంది. స్పీడ్ లేనప్పుడు లాగితే రెక్కకు లిఫ్ట్ పోయి విమానం అక్కడికక్కడే కూలబడుతుంది. ఆ చేతిని ఆపడమే కష్టం.

రెండో థాంక్స్ కల్లు గీసే అన్నకు. ఒకరోజు ఉన్నట్టుండి సుడిగాలి లేచి విమానాన్ని గట్టు మీది తాటిచెట్టు మట్టల్లో ఇరికించింది. కర్రలకు అందే ఎత్తు కాదు. అన్న మోకు వేసుకుని ఎక్కాడు. కిందికి విసిరేస్తాడేమో అని నాకు టెన్షన్. ఆయన విసరలేదు. తువ్వాలుతో విమానాన్ని వీపుకు కట్టుకుని, రెక్క ఎక్కడా తగలకుండా మెల్లగా దిగాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. “ఎట్లయినా ఎక్కే చెట్టే గదా సార్” అన్నాడు. విరిగింది ప్రొపెల్లర్ ఒక్కటే.

విమానంలో వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ సంగతులన్నీ ఫోన్‌లో నేర్పిన హైదరాబాద్ ఇంజినీరింగ్ తమ్ముడికి కూడా థాంక్స్. ఫుల్ ఛార్జ్ అంటే సెల్‌కి 4.2 వోల్టులు, వాడకుండా పక్కన పెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి, ఛార్జింగ్ పెట్టి బయటికి పోకూడదు. రాత్రి పదింటికి చేసినా విసుక్కోకుండా చెప్పాడు. ఆ ప్రొపెల్లర్ కూడా తనే కొరియర్ చేశాడు.

వానలు పడితే చెరువు నిండుతుంది, మా రన్‌వే నీళ్లలోకి పోతుంది. ఖమ్మం దగ్గర్లో కరెంటు తీగలు, ఇళ్లు లేని ఖాళీ జాగా ఎవరికైనా తెలిస్తే కామెంట్లో చెప్పండి. మాస్టారు కూడా వెతుకుతున్నారు. గడ్డి ఉన్నా పర్లేదు, తాటిచెట్లు లేకపోతే చాలు.